ఎవరూ వాడటం లేదంట

గాలి మళ్లీ అట్టల్ని లేపింది. కుళ్లాయప్ప ఎడమ పాదం చాచి వాటి మీద మోపి, పళ్ల సందున పట్టుకున్న దారం కొసను సూదిలోకి ఎక్కించుకున్నాడు. ఆషాఢపు గాలి అది. పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా పడమటి నుంచి ఒకటే వీస్తుంది. మబ్బుల్ని తెస్తుంది గాని ధర్మవరం మీద నిలవనివ్వదు. చేలల్లో విత్తనం పట్టుకుని నిలబడ్డవాళ్లు తలెత్తి చూసి, అవి తూర్పుకు దాటిపోయాక మళ్లీ తల దించుకుంటారు.

అట్టలు సన్నగా, పొడుగ్గా ఉన్నాయి. వాటి నిండా చిల్లులు. మగ్గం మీద బిగించిన జాకార్డ్ పెట్టెకు ఒక్కో అట్ట వచ్చి ఆనినప్పుడు చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అడ్డపోగును మోసే నాడె ఒకసారి అటు పోతే ఒక అట్ట పని తీరినట్టు. అట్లా అట్ట వెనక అట్ట తిరిగితే చీర అంచున ఒక మామిడిపిందె పుడుతుంది. ఆ వరస తప్పకుండా అట్టల్ని ఒకదానికొకటి దారంతో కుట్టడమే ఇప్పుడు కుళ్లాయప్ప పని.

అంతకుముందు నలభై ఏళ్లు అతని పని వేరు. ఆ చిల్లులు ఎక్కడ పడాలో చెప్పే బొమ్మను గళ్ల కాగితం మీద వేసేవాడు. సన్నటి కుంచెను ఎర్రరంగులో ముంచి, ఒక్కో గడిని నింపుకుంటూ పోయేవాడు. ఒక హంస రావడానికి రెండు పగళ్లు పట్టేది, కొంగు మొత్తానికి నెల. ఊళ్లో అందరూ అతన్ని మేస్త్రీ అనేవారు. ఆ నలభై ఏళ్లు అతని మెడను కుడివైపుకు కొంచెం వంచి వదిలాయి. కాగితం మీద ఆనించీ ఆనించీ చిటికెనవేలు పక్క కాయకాసింది. కళ్లు మాత్రం దగ్గరి వస్తువును చూసినప్పుడు మెత్తబడేవి, దూరం చూసినప్పుడు ఎక్కడికో పోయేవి. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఆ మనిషి ముక్కూ చెవులూ ఎన్ని గళ్లలో పడతాయో చూస్తున్నట్టు ఉండేవాడు.

"అట్టలు ఎగురుతాండాయి, లోపల కూచోరాదా?" అంది పుష్పావతి గడపలో రాట్నం తిప్పుతూ. ఆమె అతని భార్య. ఆమె చేతికింద ముదురు వంగపండు రంగు పట్టుపోగు కండె మీదకు ఎక్కుతోంది.

"లోపల ఎలుతురు లేదు."

"కుట్టేదానికి ఎలుతురెందుకు? బొమ్మలేస్తాండావా ఏమన్నానా?"

ఆమె మామూలుగానే అంది. అతనూ మామూలుగానే విన్నాడు. ఇద్దరి మధ్యా రాట్నం చప్పుడు సాగింది.

ఆ పూట గంగాధర్ వచ్చాడు. కుళ్లాయప్ప అక్క కొడుకు. ముప్పై దాటాయి, పెళ్లి కుదరలేదు. స్టేషన్ రోడ్డులో ఒక షావుకారు నడిపే డిజైన్ సెంటర్లో కంప్యూటర్ మీద పని. పని ఎక్కే ముందు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. దిగి, సైకిలును గోడకు ఆనించి, చాలాసేపు అట్టల్ని సర్దాడు.

"బెంగుళూరు వాళ్లు రాసినారు మామా," అన్నాడు చివరికి.

"ఎవురు?"

"దుడ్లు తీసుకోకుండా పుక్కటగా పంచే సాఫ్ట్‌వేర్ల సంఘం వాళ్లు. నా 'గళ్లు' చూసినారంట. బాగుండాదంట. ఆర్నెల్లు నన్ను ఆడికి పిలిపించుకోని, అదొక్కటే పని మీద కూచోబెడతారంట. కంచిలో, కాశీలో గూడా పనికొచ్చేటట్ల చేయొచ్చు."

"పో మరి."

"ఊరికే పిలవరు మామా. నాలాంటోళ్లు ఇంకా ముగ్గురో నలుగురో ఉండారు. ఎవురిది ఎక్కువమంది వాడతాంటే వాళ్లను పిలుస్తారు. ఎంతమంది వాడతాండారో ఈ పొద్దు సాయంత్రానికి రాయల్ల."

'గళ్లు' అంటే గంగాధర్ చేసిన ప్రోగ్రామ్. షావుకారు కొన్న ప్రోగ్రామ్‌కు ఒక తాళం ఉండేది. కంప్యూటర్ వెనక వేలెడంత ముక్క గుచ్చితేనే అది తెరుచుకునేది. దాని ధరకు ఒక మగ్గం, ఆ మగ్గం పెట్టుకునే ఇల్లు వస్తాయి. అందుకని బొమ్మ మార్చుకోవాలంటే చిన్న నేతగాళ్లందరూ షావుకారు మెట్లెక్కాల్సిందే. గంగాధర్ అనంతపురంలో సాయంత్రం క్లాసులకు పోయి నేర్చుకున్నదానితో, పత్రికల వెంట వచ్చే సీడీలు చూసి తెలుసుకున్నదానితో తాళం లేనిది ఒకటి చేశాడు. ఇంటర్నెట్లో పెట్టాడు. లోపల ఎట్లా చేశాడో కూడా తెరిచిపెట్టాడు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వచ్చు.

"ఆడ లెక్క కనపడతాదంటివే, ఎంతమంది దించుకున్నారని," అన్నాడు కుళ్లాయప్ప.

"కనపడతాది. కదలదు. దాంట్లో సగం నేనే దించుకున్నా, సరిగా వస్తాందో లేదో చూసేదానికి. మన ఊర్లో ఎవురికి ఇంటర్నెట్టు ఉండాది? ఒకడు సీడీలో ఏసుకుంటే వాడి దగ్గర ఇంకొకడు. ఆ అంకెకేం తెలుస్తాది?"

"ఇల్లిల్లూ తిరిగి అడుగు."

"నేనడిగితే బెదురుతారు. ఇన్నాళ్లూ పుక్కటని చెప్పి ఇప్పుడు దుడ్లకొచ్చినాడనుకుంటారు. ఈ పొద్దు సెంటర్లోంచి కదలనీరు గూడా, శ్రావణం ఆర్డర్లు." గంగాధర్ తల గోక్కున్నాడు. "ఎవురినన్నా పంపిద్దామంటే..."

"నేను పోయొస్తా."

రాట్నం ఆగింది. "బాగుండాది," అంది పుష్పావతి. "నీ కూటిమీద కొట్టినదాన్ని ఎవురెవురు వాడతాండారని నువ్వే పోయి అడుగుతావా? సిగ్గుండల్ల."

గంగాధర్ ముఖం వాడిపోయింది. కుళ్లాయప్ప కుట్టడం ఆపి, దారాన్ని ముడివేసి, పళ్లతో తెంపాడు.

"ఎవురు కొట్టిరే? తింటానే ఉండాం గదా," అన్నాడు. లేచి, చొక్కా దులుపుకున్నాడు.

పుష్పావతి అన్నది అబద్ధం కాదు. గళ్ల కాగితం మీద బొమ్మ, అదే గ్రాఫ్, వేయించుకోవడానికి రోజూ నలుగురు కూర్చునే అతని ఇంటి అరుగు, గత రెండేళ్లలో మెల్లగా ఖాళీ అయింది. ఎవరూ వచ్చి, మేస్త్రీ, ఇక మీ బొమ్మ వద్దు అని చెప్పలేదు. రావడం మానేశారు, అంతే. అప్పుడతను అట్టలు కుట్టే పనికి ఒప్పుకున్నాడు.

అయితే ఆ ప్రోగ్రామ్ లోపల ఉన్నది అతని చెయ్యే. దాన్ని చేస్తున్న రోజుల్లో గంగాధర్ రోజూ వచ్చి పక్కన కూర్చునేవాడు. జరీ పోగు మరీ పొడుగ్గా తేలితే కట్టుకున్న మనిషి గాజుకు తగులుకుని తెగుతుంది కదా, మధ్యలో పోగును పట్టి ఉంచే కట్టుచుక్క ఎక్కడ పెడతావు మామా? ఇక్కడే ఎందుకు, పక్క గడిలో ఎందుకు వద్దు? కుళ్లాయప్ప చెప్పేవాడు. చెప్పడానికి రాకపోతే వేసి చూపించేవాడు. తన చేతికి తెలిసినది ఇంకొకరికి మాటల్లో చెప్పాల్సి రావడం అతనికి అదే మొదలు. చెబుతున్నకొద్దీ, అంత ఉందా నా చేతిలో అని అతనికే వింతగా ఉండేది. ఆ సంవత్సరం అతను సంతోషంగా ఉన్నాడు. దాని చివర ఏముందో తెలియకనా అంటే, తెలుసు. తెలిసే చెప్పాడు.

కొత్తపేట వీధుల్లోకి మళ్లేసరికి ఎండ బాగా ఎక్కింది. రెండు పక్కలా ఇళ్లలోంచి మగ్గాల చప్పుడు. ధర్మవరంలో పుట్టినవాళ్లకు అది చప్పుడుగా వినపడదు. లోపల ఆడే ఊపిరి వినపడనట్టే. కుళ్లాయప్పకు మాత్రం ఆ రోజు వినపడింది. ఒక్కో ఇంటి మగ్గానిది ఒక్కో లయ. ఒకచోట పొట్టిగా, తొందరగా. ఇంకోచోట నిదానంగా, నాడె విసరడానికి ముందు ఏదో ఆలోచించుకుంటున్నట్టు. గాలికి ఎర్రమట్టి లేచి వీధి చివర కనిపించకుండా పోయింది. ఆ మట్టిలో నడుస్తుంటే అతనికి తాను ఎన్నేళ్ల కిందటి కుళ్లాయప్పో తెలియలేదు. చంకలో చుట్టిన కాగితాలు ఉన్నట్టే అనిపించి, మోచేతిని ఒంటికి ఆనించి పట్టుకున్నాడు.

ఎడమ భుజం కొంచెం లాగింది. నిన్నటి అట్టల పని అనుకున్నాడు.

మొదట ఓబులమ్మ ఇంటికి పోయాడు. ఆమెకు మొగుడు లేడు. రెండు గుంట మగ్గాలు పెట్టుకుని, ఒకదాని మీద తను, ఇంకోదాని మీద కూలి మనిషి నేస్తారు. మేస్త్రిని చూసి ఆమె గుంటలోంచి పైకి వచ్చింది.

"రాప్పా, రా. యాడికో పోతాండావే ఈ ఎండలో. కూచో." లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది. అతను తాగాడు. తాగి అడిగాడు.

"మన గంగాధర్ కంప్యూటర్‌లో చేసినాడే, గళ్లని. అది నువ్వు గాని వాడతాండావేమని..."

ఓబులమ్మ ముఖంలో ఏదో కదిలి సర్దుకుంది. "మాకెందుకప్పా ఆ గొడవ? కంప్యూటరంటే మాకేం తెలుసు? నీ గ్రాఫే ఇంకా నడస్తాండాది. సూడు, యాడికీ పోలేదు." గోడకు మేకుకు తగిలించిన పాత కాగితాన్ని చూపించింది. అది అతను వేసినదే. అంచులు చెదలు కొట్టి, ఎర్రరంగు ఇటుక రంగుకు తిరిగింది. దాని మీద దుమ్ము దళసరిగా ఉంది.

అతను మగ్గం మీదకు వంగాడు. ఆకుపచ్చ పట్టు మీద జరీ హంసలు బారుగా వస్తున్నాయి. కట్టుచుక్కలు ఏటవాలుగా, తన చేతి వాటంలోనే పడ్డాయి. కాని హంస కంట్లో కూడా ఒక చుక్క ఉంది. తను ఎప్పుడూ అక్కడ పెట్టేవాడు కాదు. ఆ చుక్కను మెడ మీదకు జరిపి కంటిని తెరిచి ఉంచేవాడు. ఇది గంగాధర్‌కు చెప్పడం మరిచిపోయినట్టున్నాడు. ఓబులమ్మ మగ్గం మీద హంసలన్నీ కళ్లు మూసుకుని, నిద్రలో ఈదుతున్నట్టు సాగిపోతున్నాయి.

"బాగుండాయమ్మా," అన్నాడు.

"నీ చలవేనప్పా," అంది ఆమె, అతని కళ్లలోకి చూడకుండా.

వీధిలోకి వచ్చాక, ఆమె నిజంగానే వాడటం లేదేమో, ఎవరో వేసిస్తే నేస్తోందేమో అనుకున్నాడు. రెండో ఇంట్లోనూ, మూడో ఇంట్లోనూ అదే మాట. మాకెందుకు మేస్త్రీ. మాకేం తెలుసు మేస్త్రీ. మీ బొమ్మ ముందర అదొక బొమ్మా మేస్త్రీ. ఒకరు అరటిపండు ఇచ్చారు, ఒకరు కుర్చీ తుడిచి వేశారు. అన్ని మగ్గాల మీదా హంసలు నిద్రపోతున్నాయి.

హనుమంతప్ప ఇంటి వాకిలి తెరిచే ఉంది. ఆరేడు మగ్గాలున్నవాడు. గొంతు పెద్దది, మనసు కూడా. కుళ్లాయప్ప మెట్టు ఎక్కుతుండగా లోపల కుర్చీ దబ్బున పడ్డ చప్పుడైంది. గదిలోకి పోయేసరికి హనుమంతప్ప ఆయాసపడుతూ నిలబడి ఉన్నాడు. వెనక బల్ల మీద ఏదో పెద్ద వస్తువుకు కొత్త పట్టుచీర కప్పి ఉంది. మడత విప్పి ఆదరాబాదరాగా వేసినందువల్ల కొంగు నేలమీద పడింది. కింద నుంచి కీబోర్డు అంచు కనిపిస్తోంది.

"ఏమన్నా, ఇట్లొచ్చినావు?"

"ఏం లేదప్పా. అదేంది?"

"యాది? అదా, టీవీ. చెడిపోయింది."

చీర కింద నుంచి చిన్నగా ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వస్తోంది. ఇద్దరూ దాన్ని విన్నారు.

"గంగాధర్‌ది ప్రోగ్రామ్ గురించి..." మొదలుపెట్టాడు కుళ్లాయప్ప.

"ఛ, ఛ. నేను దాని మొగం గూడా చూల్లేదన్నా. నువ్వుండంగా మాకదెందుకు? ఈ శ్రావణం కాంగానే వస్తా నీకాడికి. పెద్ద కొంగు ఒకటి నువ్వే ఏసియ్యల్ల." అని చేతులు పట్టుకున్నాడు. పెద్ద అరచేతులు, చెమట పట్టి ఉన్నాయి. ఆ చేతుల్లో అబద్ధం ఎంత వెచ్చగా ఉందో కుళ్లాయప్పకు తెలిసింది. కోపం రాలేదు. పడిపోయిన కొంగును ఎత్తి, దుమ్ము దులిపి, బల్ల మీద వేసి వచ్చాడు.

మధ్యాహ్నం ఎండలో చిత్రావతి వైపు దిగే దారిలో ఒక రేకుల నీడన కూర్చున్నాడు. ఏటి ఇసుక తెల్లగా, చుక్క నీరు లేకుండా పడి ఉంది. దూరాన రామగిరి గుట్టల మీద గాలిమరలు సన్నగా, తెల్లగా, ఒకదానితో ఒకటి పొందిక లేకుండా తిరుగుతున్నాయి. వాటినే చూస్తూ ఉంటే కళ్లు మూతలు పడ్డాయి.

కునుకులో గుంతకల్లు స్టేషన్ వచ్చింది. అది ఒకప్పుడు జరిగిందే. అతనూ పుష్పావతీ ఏదో పెళ్లికి పోతూ బండి మారడానికి దిగారు. ప్లాట్‌ఫారం మీద ఒకామె నడుస్తోంది. ఏ ఊరో, ఎవరో. ఆమె కట్టుకున్న చీర అంచున తన మామిడిపిందెలు. పిందె తోక దగ్గర తను తప్పు వేసి, తర్వాత ముద్దుగా ఉందని వదిలేసిన మెలిక కూడా అట్లాగే ఉంది. ఎవరు తీసుకుపోయారో, ఎవరి మగ్గం నుంచి ఎవరి మగ్గానికి పోయిందో. అతను ఆమె వెనకే నడిచాడు. ఆమె టీ తాగింది. పిల్లకు ముక్కు తుడిచింది. బండెక్కింది. బండి కదిలేదాకా అతను కిటికీ కింద నిలబడ్డాడు. పుష్పావతి వచ్చి రెక్క పట్టుకుని లాగి, "పిచ్చోడా, తంతారు నిన్ను," అని నవ్వింది. ఆ రోజు అతనికి ఎంత నిండుగా అనిపించిందంటే, ఇంకెక్కడెక్కడ ఎంతమంది కట్టుకున్నారో తెలుసుకోవాలని కూడా తోచలేదు. ఒకామె కనిపించింది. చాలు.

కళ్లు తెరిచేసరికి నీడ జరిగి, ఎండ మోకాళ్ల మీద పడుతోంది. భుజం లాగడం మెడలోకి పాకింది. కాసేపు కూర్చుని లేచాడు. ఇంకొక్క ఇల్లు చూసి పోదామనుకున్నాడు.

యేసన్నది ఏటి ఒడ్డు కాలనీలో చివరి ఇల్లు. నలభై ఏళ్లు ఉంటాయి. ముందు కూలికి నేసి, ఈ మధ్యే సొంత మగ్గం పెట్టుకున్నాడు. మాట దాచుకునేవాడు కాదు. గడపలో కూర్చుని నాడెకు కండె ఎక్కిస్తున్నాడు.

కుళ్లాయప్ప అడగాల్సింది అడిగాడు. యేసన్న నాడెను తొడ మీద పెట్టుకున్నాడు.

"పొద్దున్నుంచి తిరుగుతాండావంటనే. కొత్తపేట నుంచి కబురొచ్చింది," అన్నాడు.

"ఏమని?"

"మేస్త్రి వస్తాండాడు, ఎవురూ చెప్పొద్దండని." యేసన్న చేతులు నలుపుకున్నాడు. "అందరం వాడతాండాంలేన్నా. హనుమంతప్ప ఇంట్లోంచి ఓబులమ్మకు పోయింది. ఆయమ్మ కొడుకు దాంట్లో ఏసిస్తాడు. ఆడనుంచి నాకు. నాకు కంప్యూటర్ యాడిది? ఆ పిల్లోనికే చెప్పి ఏపించుకుంటా. మా బామ్మర్ది మొలకాల్మూరుకి తీసుకపోయినాడు. ఆడ అది కన్నడం నేర్చిందంట, ఎవుడో మార్చినాడు. హిందూపురంలో ఉండాది. ఎమ్మిగనూరులో గూడా ఉండాదని ఇన్నా. అది ఉండబట్టే నేను మగ్గం పెట్టింది. లేకపోతే ఇంకా షావుకారు కాడ కూలికే పోతాంటి."

"మరి అందరూ లేదంటిరే."

"ఎట్ల చెప్పేది? నీ కంచంలో కూడు తీసి మేం తింటాండాం. నీ మొగం చూసి ఎట్ల చెప్పాల?"

కుళ్లాయప్ప గడప పక్క రాతి మీద కూర్చున్నాడు. లోపల మగ్గం మీద సగం నేసిన చీర కనిపిస్తోంది. పసుపుపచ్చ మీద ఎరుపు అంచు.

"నీకు బాధ లేదాన్నా?" అని అడిగాడు యేసన్న.

"బాధ యాడికి పోతాది? ఉండాది." ఇంకా ఏదో చెప్పబోయి, మాట కోసం వెతుక్కున్నాడు. "దాని పక్కనే ఇంకోటి గూడా ఉండాది. అది పెద్దది."

యేసన్న భార్య చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగి లేచాడు. యేసన్న వీధి చివరిదాకా వచ్చి సాగనంపాడు. తిరిగి పోతూ కొత్తపేట మీదుగా నడిచినప్పుడు, గుమ్మాల్లో మనుషులు కనిపించారు. కుళ్లాయప్పను చూసి ఒకరిద్దరు తల వంచుకున్నారు. అతను మాత్రం అందరికీ చెయ్యి ఎత్తి పలకరిస్తూ పోయాడు. వీధి పొడుగునా లోపలి నుంచి వచ్చే ఆ చప్పుడు తన మీదుగా, తన లోపలి నుంచి పోతున్నట్టే ఉంది. కాళ్లు నేలకు సరిగా ఆనుతున్నాయో లేదో తెలియడం లేదు. పుట్టినరోజు నుంచి ఇదే వీధిలో నడుస్తున్నాను, ఇంకా చివర రాలేదు అనిపించి, ఆ ఆలోచనకు నవ్వు వచ్చింది.

డిజైన్ సెంటర్ మేడ మీద ఉంది. మెట్ల మధ్యలో రెండుసార్లు ఆగాడు. గదిలో గంగాధర్ ఒక్కడే ఉన్నాడు. మిగతావాళ్లు టీకి దిగారు. కిటికీలోంచి సాయంత్రపు ఎండ ఏటవాలుగా కంప్యూటర్ల మీద పడుతోంది.

"ఎంతమంది మామా?" గంగాధర్ కుర్చీలోంచి లేచి మామను కూర్చోబెట్టాడు. "చెమటలు పట్టినాయే. నీళ్లు?"

"వద్దు. తాగినా."

"ఎంతమంది?"

"ఎవురూ వాడటం లేదంట."

గంగాధర్ భుజాలు కొంచెం కిందికి జారాయి. కిటికీ దగ్గరికి పోయి బయటికి చూస్తూ నిలబడ్డాడు. "సరేలే," అన్నాడు.

"ఇట్ల రా. చెప్పేది విను." కుళ్లాయప్ప మెల్లగా చెప్పాడు. ఓబులమ్మ మజ్జిగ, చీర కప్పిన టీవీ, యేసన్న మాటలు. చెబుతూ చెబుతూ ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. గంగాధర్ వింటూ వింటూ నేలమీదే కూర్చుండిపోయాడు. హనుమంతప్ప టీవీ మాట వచ్చినప్పుడు నవ్వాడు. యేసన్న మాటల దగ్గర నవ్వు ఆపి చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"హంసలు మాత్రం నిద్రపోతాండాయిరా ఊరంతా. కంట్లో చుక్క పెడతాంది నీది. మెడమీదకు జరపల్ల. చెప్పడం మర్చిపోయినా."

"ఈ రాత్రికే మారుస్తా మామా."

"మొలకాల్మూరులో కన్నడం నేర్చిందంట."

"నిజంగానా? ఎవురు మార్చినారు?"

"ఎవుడో."

గంగాధర్ నేలమీద నుంచి లేచాడు. తర్వాత, "అంకె అడిగినారు మామా. అంకె ఏం రాయాల?" అన్నాడు.

"నాకేం తెలుసు? జరిగింది రాయి. లెక్క తేలలేదని రాయి."

గంగాధర్ పక్క కంప్యూటర్ ముందు కూర్చుని రాశాడు. తెలుగులో చెప్పుకుంటూ ఇంగ్లీషులో రాశాడు. మా ఊళ్లో దీన్ని ఎంతమంది వాడుతున్నారో నేను చెప్పలేను, ఎందుకంటే ఇది ఎవరి పనికి అడ్డం వచ్చిందో ఆ మనిషి మీది ప్రేమకొద్దీ వాళ్లు దాచిపెడుతున్నారు, అని రాశాడు. చదివి వినిపించాడు. కుళ్లాయప్ప తల ఊపాడు.

"ఫ్లాపీలో ఏసుకోని పంపేసొస్తా. ఫోను లైను కింద ఆఫీసులో ఉండాది, ఇంటర్నెట్టు కలిసేదానికి కొంచెం సేపు పడతాది."

"గంగా."

"ఏం మామా?"

"దాన్నొకసారి నేను పట్టుకుంటా."

గంగాధర్ నిలబడిపోయాడు. ఇన్నేళ్లలో కుళ్లాయప్ప పక్కన కూర్చుని చెప్పాడే గాని, మౌసును ఒక్కసారి కూడా తాకలేదు. గంగాధర్ వెనక్కి వచ్చి, కొత్త గళ్ల పేజీ తెరిచి, ఎక్కడ నొక్కితే గడి నిండుతుందో, ఎక్కడ నొక్కితే పోతుందో చూపించాడు.

"లెక్కలో నన్ను గూడా ఏసుకో," అన్నాడు కుళ్లాయప్ప.

గంగాధర్ నవ్వుకుంటూ మెట్లు దిగిపోయాడు.

తెర తెల్లగా, గళ్లు గళ్లుగా ఉంది. కుళ్లాయప్ప చొక్కా జేబులోంచి తెల్లగుడ్డ ముక్కను తీసి, నాలుగు మడతలు పెట్టి, మణికట్టు కింద ఉంచుకున్నాడు. కాగితానికి చెమట అంటకుండా నలభై ఏళ్లు చేసిన అలవాటు. ఇక్కడ కాగితం లేదని తెలుసు. అయినా అది లేకుండా చెయ్యి కుదురుకోలేదు.

ఒక గడి నొక్కాడు. ఎర్రగా నిండింది. పక్కది నొక్కాడు. ఏం వెయ్యాలో అనుకోలేదు. వస్తున్నదాన్ని చూశాడు. చెనిక్కాయ పువ్వు. చిన్నది, పసుపుపచ్చది, ఆకుల కింద దాక్కుని పూసేది. చుట్టూ ఇంత నేల నిండా వేస్తారు గాని, ఏ చీర అంచునా ఎవరూ వేయించుకోలేదు. వాన రాక ఎండే పంటను ఎవరు కట్టుకుంటారు? గడి పక్కన గడి నింపుకుంటూ పోయాడు. రంగు ఆరేదాకా ఆగాల్సిన పని లేదు. కుంచె మాటిమాటికీ ముంచాల్సిన పని లేదు. ఎంత తేలిగ్గా ఉంది. తీగ కొంచెం వంగింది. దాని కింద ఒక ఆకు వచ్చింది. కిటికీలోంచి గాలి చల్లగా తగిలింది. గాలి వెంట కింది వీధుల్లోంచి మగ్గాల చప్పుడు వచ్చింది, దగ్గరగా వచ్చింది, తర్వాత దూరమైంది. ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు అనిపించి, ఊఁ అన్నాడు.

గంగాధర్ పైకి వచ్చేసరికి ఎండ తెర మీద నుంచి గోడ మీదకు జరిగింది. "పోయింది మామా, పంపేసినా," అన్నాడు గుమ్మంలోంచే. కుళ్లాయప్ప కుర్చీకి ఆనుకుని, మెడ కుడివైపుకు వాలి, తెరను చూస్తున్నట్టే ఉన్నాడు. గంగాధర్ దగ్గరికి వచ్చి, తెర మీద సగం వేసిన పువ్వును చూసి, "ఇదేం పువ్వు మామా?" అని అడిగాడు. ఇంకోసారి అడిగాడు.

షావుకారే మనిషిని పంపి పుష్పావతికి కబురు చేయించాడు. ఆమె వచ్చేలోగానే ఊరికి తెలిసిపోయింది. మొదట స్టేషన్ రోడ్డు పక్క సందులో మగ్గాలు ఆగాయి. తర్వాత కొత్తపేటలో, ఒక ఇంటి తర్వాత ఒక ఇల్లు, ఒక వీధి తర్వాత ఇంకో వీధి. చివరికి ఏటి ఒడ్డు కాలనీలో. చాలామందికి ఆ సాయంత్రమే తెలిసింది, తమ ఊళ్లో గాలి ఇంత గట్టిగా చప్పుడు చేస్తుందని. మెట్ల నిండా, రోడ్డు నిండా మనుషులు నిలబడ్డారు. హనుమంతప్ప చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఓబులమ్మ పుష్పావతి పక్కన నేలమీద కూర్చుని, ఆమె చేతిని వదల్లేదు. యేసన్న వచ్చి, మేస్త్రిని కిందికి దించే మంచానికి ఒక వైపు పట్టుకున్నాడు. మేడ మీద నుంచి గంగాధర్ వాళ్లందరినీ చూశాడు. ఇప్పుడు కావాలంటే లెక్కపెట్టి ఉండొచ్చు. లెక్కపెట్టలేదు.

బెంగుళూరు నుంచి రమ్మని జవాబు వచ్చింది గాని, అది తర్వాత మాట. మామకు పెద్ద దినం కర్మ జరిపించి, పుష్పావతికి తోడుగా తన తల్లిని ఉంచి, శ్రావణంలో గంగాధర్ పోయాడు.

ఆ సాయంత్రం అందరూ కిందికి దిగిపోయాక కంప్యూటర్ ఆర్పాలని ఎవరికీ తోచలేదు. బల్ల మీద, మౌసు పక్కన, నాలుగు మడతల తెల్లగుడ్డ ముక్క ఉంది. దాని మధ్యలో మణికట్టు ఆనినంత మేర కొంచెం పల్లంగా, ఇంకా తడిగా ఉంది.